అమ్మడం, అమ్ముకోవడం

ఈ టపా రాయడానికి నాకు మూడు నెలలు పట్టింది. తెలుగు రాకపోవడం వల్ల కాదు. తెలుగు నాకు ఎప్పుడూ సగమే వచ్చు, అయినా రాస్తూనే ఉన్నాను కదా. ఈసారి విషయమే కష్టం. మా ఇంటి అప్పు గురించి రాస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. నేను సింగపూర్‌లో పుట్టాను. మా తాతయ్య శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చారు. ఇక్కడి బళ్ళలో మాతృభాష కింద తమిళం తీసుకోవచ్చు. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా తీసుకోవచ్చు. తెలుగు మాత్రం లేదు. నేను పదేళ్ళు తమిళం చదివాను. పెళ్ళయ్యాక కాకినాడలో ఉన్న అత్తయ్యగారు పంపే వాట్సాప్ మెసేజీలు చదవాలని తెలుగు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. తప్పులుంటే ఎప్పటిలాగే చెప్పండి.

ముందు ఒక మాట గురించి. "వాయిదా". నెలనెలా అప్పు కట్టే డబ్బుని వాయిదా అంటారని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆ తరవాత ఒక వార్తలో "సమావేశం వాయిదా" అని చదివి, సమావేశానికి డబ్బు కట్టడం ఏమిటని తికమకపడ్డాను. తరవాత తెలిసింది, పనిని ముందుకు తోసేయడం కూడా వాయిదానేనట. ఒకే మాట. ఒకదాన్ని కట్టాలి, ఇంకొకదాన్ని వేయాలి. 2024లో మేము మొదటిది కట్టలేక రెండోది వేస్తూ కూర్చున్నాం. ఈ టపా దాని గురించే.

మేము 2019 జూన్‌లో సెంగ్‌కాంగ్‌లో ఐదు గదుల హెచ్‌డీబీ ఫ్లాటు కొన్నాం. ఇండియాలో ఉన్నవాళ్ళకు చెప్పాలంటే, హెచ్‌డీబీ అంటే 1960లో పెట్టిన ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ. ఇక్కడ పదిమందిలో ఏడెనిమిది మంది ఆ ఫ్లాట్లలోనే ఉంటారు. ఐదు గదులు అంటే ఐదు పడకగదులు కాదు, మూడే. హాలు కూడా లెక్కలోకి వస్తుంది. 99 ఏళ్ళ లీజు. ధర 5,00,000 డాలర్లు. అందులో 4,30,000 హెచ్‌డీబీ దగ్గరే అప్పు తీసుకున్నాం. 25 ఏళ్ళకు, 2.6 శాతం వడ్డీకి. నెల వాయిదా 1,950.

ఆ వాయిదా మా చేతిలోంచి పోయేది కాదు. సీపీఎఫ్‌లోంచి పోయేది. సీపీఎఫ్ ఇండియాలో పీఎఫ్ లాంటిది, కానీ చాలా పెద్దది. మా వయసు వాళ్ళకు జీతంలో 20 శాతం మనది, 17 శాతం కంపెనీది కలిపి అందులో పడుతుంది. 1968 నుంచి ఆ డబ్బుతో ఇల్లు కొనుక్కోనిస్తున్నారు. అందుకే ఈ ఊళ్ళో ఇంతమందికి సొంత ఇళ్ళున్నాయి. మంచి ఏర్పాటే. కానీ అందులో ఒక చిక్కు ఉందని నాకు ఆలస్యంగా అర్థమైంది. డబ్బు చేతికి రాకుండానే పోతుంది కాబట్టి అప్పు బరువు తెలియదు. మాకు అప్పు ఉందని ఎప్పుడూ అనిపించలేదు. ఇల్లు ఉందని మాత్రమే అనిపించేది.

2021లో బ్యాంకుల వడ్డీ బాగా తక్కువగా ఉంది. తెలిసినవాళ్ళందరూ హెచ్‌డీబీ అప్పు తీర్చేసి బ్యాంకుకి మారిపోతున్నారు. మేమూ మారాం. రెండేళ్ళపాటు 1.2 శాతం. వాయిదా 1,680కి దిగింది. నెలకి 270 డాలర్లు మిగిలాయి. మా ఆయన, నేను చాలా తెలివిగలవాళ్ళం అనుకున్నాం. ఒకసారి బ్యాంకుకి మారితే అదే ఫ్లాటు మీద మళ్ళీ హెచ్‌డీబీ అప్పుకి తిరిగి రాలేమని కాగితంలో రాసి ఉంది. చదివాం. చదివి సంతకం పెట్టాం.

ఆ రెండేళ్ళు అయిపోయేసరికి 2023 జూన్ వచ్చింది. అప్పటికి ప్రపంచమంతా వడ్డీలు పెరిగిపోయాయి. అమెరికాలో పెంచితే ఇక్కడా పెరుగుతాయి. మేము మారే వడ్డీ పథకం తీసుకున్నాం, రేపో మాపో తగ్గుతుందన్న ఆశతో. వడ్డీ 4.2 శాతం. వాయిదా 2,240. అంటే ఒక్క నెలలో 560 డాలర్లు ఎక్కువ. అదే ఇల్లు, అవే గోడలు. అసలు కొంత తీరింది కూడా. అయినా మొదటి రోజుకన్నా వాయిదా ఎక్కువ. హెచ్‌డీబీ దగ్గరే ఉండి ఉంటే 1,950 దగ్గరే ఉండేది. హెచ్‌డీబీ వడ్డీ సీపీఎఫ్ వడ్డీ 2.5 మీద 0.1 కలిపి ఉంటుంది, ఏళ్ళ తరబడి కదల్లేదు. ఈ లెక్క నేను ఎన్ని రాత్రులు వేసుకున్నానో చెప్పలేను.

అప్పటికి ఇద్దరికీ జీతాలున్నాయి. నెట్టుకొచ్చాం. 2024 ఫిబ్రవరిలో మా ఆయన పనిచేసే కంపెనీ వాళ్ళ విభాగం మొత్తాన్ని తీసేసింది.

ఉద్యోగం పోతే జీతం పోతుందని అందరికీ తెలుసు. ఇక్కడ దానితోపాటు ఇంటి వాయిదా కట్టే డబ్బు కూడా పోతుంది. జీతం లేకపోతే సీపీఎఫ్‌లో కొత్తగా ఏమీ పడదు. నా జీతం 3,400. అందులో ఇంటికి వాడుకోగలిగే ఖాతాలో నెలకి 714 పడుతుంది. వాయిదా 2,240. ఇద్దరి ఖాతాల్లో కలిపి మిగిలింది 9,000. తక్కువ పడేది నెలకి 1,526. మూడో తరగతి పిల్ల కూడా చేయగలిగిన భాగహారం. ఆరు నెలలు.

మేము ఆ భాగహారం చేయలేదు. ఆరు నెలల్లో ఉద్యోగం రాకుండా ఉంటుందా అనుకున్నాం.

ఏప్రిల్ 9న ఉగాది. ఎవరికీ చెప్పకూడదని ఇద్దరం ముందే అనుకుని, తెలిసినవాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. మా ఆయన పట్టుచొక్కా వేసుకుని అందరితో పని ఎక్కువైందని చెప్తున్నారు. వంటింట్లో ఒక పెద్దావిడ పులిహోర కలుపుతూ ఇంకెవరి గురించో అన్నారు, "పాపం, ఇల్లు అమ్ముకున్నారట."

నాకు మాటల మీద ఆశ ఎక్కువ కదా. ఎక్కడ కొత్త ప్రయోగం వినిపించినా ఆగిపోతాను. నేను చదివిన వ్యాకరణం పుస్తకంలో, క్రియకి "కొను" చేరితే ఆ పని మన కోసం మనం చేసుకున్నట్టు అని ఉంది. వండుకున్నాను, రాసుకున్నాను, కొనుక్కున్నాను. అన్నీ మనకి మంచివే. మరి అమ్ముకుంటే "పాపం" ఎందుకు? ఆవిడనే అడిగాను.

"అమ్మడం వేరు, అమ్ముకోవడం వేరమ్మా," అన్నారావిడ. "ధర వచ్చిందనో, వేరే ఊరు పోతున్నామనో అమ్మితే అమ్మారంటాం. గతిలేక వదిలేసుకుంటే అమ్ముకున్నారంటాం. పొలం అమ్ముకున్నాడు, పుస్తెలు అమ్ముకుంది అనమూ?"

అలాగా అని నవ్వి, ఇంటికొచ్చి నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాసుకున్నాక పెన్ను కింద పెట్టలేకపోయాను. రేపు మా గురించి ఏ వంటింట్లోనో ఆ మాట అంటారు. ఆ రోజు నుంచి నాకు అప్పు భయం కన్నా ఆ మాట భయం ఎక్కువైంది.

ఇంకో విషయం ఉంది. హెచ్‌డీబీ ఫ్లాటు కొన్నాక ఐదేళ్ళు అందులో ఉండాలి, అప్పటిదాకా అమ్మడానికి వీల్లేదు. మాకు ఆ ఐదేళ్ళు 2024 జూన్‌తో నిండాయి. అంటే జూలైలోనే మేము అమ్మకానికి పెట్టి ఉండొచ్చు. వాయిదాలన్నీ సరిగ్గా కట్టినవాళ్ళలా, తల ఎత్తుకుని, మంచి బేరం కోసం ఆగగలిగినవాళ్ళలా అమ్మి ఉండొచ్చు. అమ్మలేదు. పాపకి బడి దగ్గర, లిఫ్టు దిగితే బస్సు, అత్తయ్యగారు వస్తే ఒక గది. ఇన్ని కారణాలు చెప్పుకున్నాం. అసలు కారణం ఆ ఒక్క మాట.

ఆగస్టుతో సీపీఎఫ్ ఖాతాలు ఖాళీ అయ్యాయి. ఉద్యోగం పోయినప్పుడు కంపెనీ ఇచ్చిన డబ్బు ఇంటి ఖర్చులకే అయిపోతోంది. సెప్టెంబరు వాయిదా కట్టలేదు. అక్టోబరుది కూడా. బ్యాంకు నుంచి ఉత్తరాలు వచ్చాయి. నేను వాటిని తెరవకుండా వంటింట్లో బియ్యం డబ్బా వెనక పెట్టాను. తెరిస్తే నిజమైపోతుందనిపించింది. ఇంత చదువుకుని ఇలా ఎలా చేశావని మీరు అడగొచ్చు. నాకూ తెలియదు. చదవడం కోసం ఒక లిపి మొత్తం నేర్చుకున్నదాన్ని, నాకు బాగా వచ్చిన ఇంగ్లీషులో ఉన్న రెండు ఉత్తరాలు చదవలేకపోయాను.

అక్టోబరు చివర ఒక రాత్రి మా ఆయన బీమా కాగితాలు సర్దుతున్నారు. సీపీఎఫ్ డబ్బుతో హెచ్‌డీబీ ఇంటి వాయిదా కట్టేవాళ్ళు ఇంటి రక్షణ బీమా ఒకటి తీసుకోవాలి. మనిషి పోయినా, ఇక ఎప్పటికీ పనిచేయలేని స్థితి వచ్చినా, ఆ బీమా అప్పు తీరుస్తుంది. ఉద్యోగం పోతే తీర్చదు. ఆయన ఆ కాగితం చూసి నవ్వుతూ అన్నారు, "చూశావా, నేను పోతే నా వాటా అప్పు తీరిపోతుంది. ఉద్యోగం పోతే మాత్రం తీరదు."

జోకులాగే అన్నారు. నేను నవ్వలేదు. కాగితం తీసుకుని లోపల పెట్టేశాను. ఆ రాత్రి ఆయన నిద్రపోతున్నారా లేదా అని చూస్తూ తెల్లవార్లూ కూర్చున్నాను. ఇల్లు అనే మాట ఆ రాత్రి నాకు చాలా చిన్నదైపోయింది. పొద్దున్నే ఆయన్ని సూటిగా అడిగాను, అలాంటి ఆలోచనలు వస్తున్నాయా అని. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత తల ఊపారు. ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఈ సంగతి రాయమని ఆయనే అన్నారు. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి జోకు వేస్తే, దయచేసి దాన్ని జోకుగా వదిలేయకండి. అడగండి.

అదే రోజు సాయంత్రం, దీపావళికి రెండు రోజుల ముందు, యీషున్‌లో ఉన్న నాన్న దగ్గరికి వెళ్ళాను. బియ్యం డబ్బా వెనక ఉన్న ఉత్తరాలు సంచిలో పెట్టుకుని వెళ్ళాను.

మా నాన్న సెంబవాంగ్‌లో ఓడల యార్డులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన తెలుగు తాతయ్య దగ్గర నేర్చుకున్న తెలుగు. పుస్తకాల్లో దొరకదు. నన్ను చూడగానే "ఏటమ్మా, ఏటైంది?" అన్నారు. నేను ఏడుస్తూ మొత్తం చెప్పాను. ఆయన ఉత్తరాలు తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కొక్కటి చింపి చదివారు. చదివాక మడతపెట్టి, "ఇంతేనా?" అన్నారు.

ఆ తరవాత ఆయన చెప్పింది నాకు ముప్పై ఆరేళ్ళు వచ్చేదాకా తెలియదు. 1997లో ఆసియా దేశాల్లో ఆర్థిక సంక్షోభం వచ్చింది. దాని దెబ్బ ఇక్కడ కూడా తగిలి, 1999 జనవరిలో కంపెనీలు సీపీఎఫ్‌లో వేసే వాటాని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించారు. ఉద్యోగాలు నిలబెట్టడానికి. ఉద్యోగం నిలబడింది, కానీ నాన్న ఇంటి వాయిదాకి సీపీఎఫ్ సరిపోలేదు. ఓవర్‌టైం కూడా లేదు. ఆయన హెచ్‌డీబీ ఆఫీసుకి వెళ్ళి నా వల్ల కావడం లేదని చెప్పారట. వాళ్ళు అప్పు గడువు పెంచారు. నెల వాయిదా తగ్గింది. ఇంకొన్నేళ్ళు ఎక్కువ కట్టారు. అంతే.

ఆ ఏడాది దీపావళి నాకు గుర్తుంది. నాకు పదకొండేళ్ళు. కొత్త బట్టలు లేవు. మా నాన్న పిసినారి అని బళ్ళో నా స్నేహితురాలితో చెప్పాను. ఇరవై ఐదేళ్ళు అలాగే అనుకున్నాను.

"మరి మాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"ఆఫీసులో సెప్పడానికి సిగ్గుపడనేదు. ఇంట్లో సెప్పడానికి సిగ్గుపడ్డాను," అన్నారు. కాసేపాగి, "నువ్వు రెండు సోట్లా సిగ్గుపడ్డావు. సెప్పుకుంటే పోయేది కాదా తల్లీ?" అన్నారు.

చెప్పుకోవడం. ఇది కూడా "కొను" చేరిన మాటే. చెప్పడం అంటే సమాచారం. చెప్పుకోవడం అంటే బరువు దించుకోవడం. ఇది మాత్రం వ్యాకరణం పుస్తకం చెప్పినట్టే మన కోసం మనం చేసుకునేది.

నవంబరు మొదటి వారంలో ఇద్దరం బ్యాంకుకి వెళ్ళాం. ఎవరో అరుస్తారనుకున్నాను. ఎవరూ అరవలేదు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి నాకన్నా చిన్నది. లెక్కలన్నీ తెరిచి, రెండు దారులు చూపించింది. మొదటిది, గడువు పెంచడం. పెంచితే వాయిదా 1,850 దాకా దిగుతుంది. నా ఖాతాలో పడే 714 తీసేస్తే ఇంకా 1,136 నగదు కావాలి. నా చేతికి వచ్చే జీతం 2,720. మిగిలే దాంతో ముగ్గురం బతకాలి. కొన్ని నెలలు బతకొచ్చు, ఏళ్ళ తరబడి కాదు. రెండోది, మేమే అమ్మేయడం. అమ్మేదాకా ఆరు నెలలు వడ్డీ మాత్రమే కట్టనిస్తామన్నారు. అది నెలకి 1,250 దాకా. మేము అమ్మకపోతే, వాయిదాలు కట్టకపోతే, చివరికి ఇంటిని స్వాధీనం చేసుకుని అమ్మే హక్కు తనఖా పట్టిన బ్యాంకుకి ఉంటుంది. అప్పుడు ధర గురించి మనం బేరమాడలేం. ఆ అమ్మాయి చివర్లో ఒక మాట అంది. మొదటి వాయిదా తప్పకముందే వచ్చి ఉంటే మీ చేతిలో ఇంకా చాలా దారులుండేవి అని.

ఇంటికొచ్చాక మా ఆయన అన్నారు, "అమ్మేద్దాం." అమ్ముకుందాం అనలేదు. ఆయన గమనించి అన్నారో లేదో తెలియదు. నేను గమనించాను.

డిసెంబరులో అమ్మకానికి పెట్టాం. ఇక్కడ ఇంకో సంగతి తెలిసింది. 1989 నుంచి హెచ్‌డీబీలో జాతుల కోటా ఉంది. ఒకే జాతి వాళ్ళు ఒకచోట గుమిగూడకుండా ప్రతి బ్లాకులో చైనీయులు, మలయ్‌లు, భారతీయులూ ఇతరులూ ఎంత శాతం ఉండొచ్చో హద్దు పెట్టారు. బ్లాకులో చైనీయులకు 87 శాతం, మలయ్‌లకు 25, మిగిలినవాళ్ళకు 15. మా బ్లాకులో చైనీయుల హద్దు నిండిపోయి ఉంది. అలాంటప్పుడు చైనీయుల ఇంటిని ఇంకో చైనీయులు కొనొచ్చు. మాలాంటివాళ్ళ ఇంటిని కొనకూడదు. ఈ ఊళ్ళో కొనేవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే. వచ్చి, చూసి, బాల్కనీ లేదని గొణిగి, వంటగది బాగుందని మెచ్చుకుని, కోటా సంగతి తెలిసి వెళ్ళిపోయేవాళ్ళు. కోటా లెక్క ప్రతి నెలా ఒకటో తారీకున మారుతుంది. నేను ప్రతి ఒకటో తారీకు పొద్దున్నే పరీక్షా ఫలితాలు చూసినట్టు చూసేదాన్ని. మారలేదు.

కోటా ఎందుకు పెట్టారో నాకు తెలుసు. మా పాప ఆడుకునే మెట్ల దగ్గర అన్ని రకాల పిల్లలూ ఉండటం ఆ కోటా వల్లే. అయినా తొందరలో ఉన్నవాడి దగ్గర అది సమయం అడుగుతుంది. మా దగ్గర లేనిది అదే. జూలైలో మొదలుపెట్టి ఉంటే ఆ సమయం ఉండేది.

ఏప్రిల్ 2025లో ఒక తమిళ కుటుంబం 6,30,000కి కొన్నారు. పక్క బ్లాకులో అలాంటి ఇల్లే అంతకన్నా పాతిక వేలు ఎక్కువకి పోయింది. నేను పదేళ్ళు బళ్ళో చదివిన తమిళం ఆ రోజు పనికొచ్చింది. వాళ్ళ అమ్మమ్మ పూజగది ఎక్కడ పెట్టుకోవాలని అడిగితే, మేము పెట్టుకున్న చోటు చూపించాను.

లెక్క ఇలా తేలింది. బ్యాంకుకి 3,60,000. సీపీఎఫ్‌కి 1,94,000. ఇల్లు అమ్మితే మనం వాడిన సీపీఎఫ్ డబ్బుని, అక్కడే ఉంటే వచ్చే వడ్డీతో సహా, మన ఖాతాలోకి తిరిగి వేయాలి. చాలామంది ఇది మరిచిపోయి, అమ్మితే చేతికి లక్షలు వస్తాయనుకుంటారు. మార్కెట్ ధరకి అమ్మినా అంత రాకపోతే, తక్కువ పడింది జేబులోంచి వేయమని అడగరు. ఏజెంటుకి, లాయరుకి, మిగిలిన ఖర్చులకి పోను మా చేతిలో 60,000 నిలిచింది. ఆరేళ్ళ క్రితం కొన్న ధరకన్నా ఎక్కువకే అమ్మాం. అంటే మేము మునిగిపోలేదు. ఈ ఆరేళ్ళలో ధరలు పెరగడం మా అదృష్టం, తెలివి కాదు. ఆ సంగతి కూడా రాయాలి.

ఈలోగా మా ఆయనకి ఫిబ్రవరిలో ఒక కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. పాత జీతం కన్నా తక్కువ. జూలైలో యీషున్‌లో మూడు గదుల ఫ్లాటుకి మారాం. అంటే రెండు పడకగదులు. ధర 3,84,000. సీపీఎఫ్‌కి తిరిగొచ్చిన 1,94,000, చేతిలోని 30,000 పెట్టి, మిగిలిన 1,60,000 మళ్ళీ హెచ్‌డీబీ దగ్గర అప్పు తీసుకున్నాం. కొత్త ఫ్లాటుకి రెండోసారి వాళ్ళ అప్పు తీసుకునే వీలుంది. ఇరవై ఏళ్ళు, 2.6 శాతం, నెల వాయిదా 856. ఈ అంకె చూసి నేను చాలాసేపు కూర్చున్నాను. రేపు మళ్ళీ ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోయినా ఇది కట్టగలం. ఇల్లు ఎంత పెద్దదో చూసి కొనడం కాదు, ఒక్క జీతం మీద నిలబడుతుందా అని చూసి కొనాలని ఇప్పుడు తెలిసింది. తెలియడానికి మూడో పడకగది ఖర్చయింది.

అన్నీ బాగయ్యాయని చెప్పను. పాప బడి మారింది. కొత్త బడిలో ఇంకా ఒక్క స్నేహితురాలే. అత్తయ్యగారు వస్తే హాల్లో పరుపు వేయాలి. మా ఆయన ఇప్పటికీ సెంగ్‌కాంగ్ మీదుగా వెళ్ళే బస్సు ఎక్కరు. చుట్టు తిరిగి వెళ్తారు.

మీలో ఎవరైనా ఇప్పుడు ఉత్తరాలు దాచిపెట్టి ఉంటే, ఈ నాలుగు మాటలు మీకోసం. ముందు ఉత్తరం తెరవండి. మొదటి వాయిదా తప్పకముందే అప్పిచ్చినవాళ్ళతో మాట్లాడండి. హెచ్‌డీబీ అప్పయితే గడువు పెంచడం, బాకీని విడతలుగా కట్టించుకోవడం లాంటి దారులు వాళ్ళ దగ్గర ఉన్నాయి. బ్యాంకు కూడా వినే వీలుంది, కానీ మీరు చెప్తేనే. ఖాతాలో ఎన్ని నెలల వాయిదాలున్నాయో ఈ రోజే భాగహారం చేయండి. అమ్మే ఆలోచన ఉంటే మీ బ్లాకు కోటా ఈ రోజే చూడండి. అన్నిటికన్నా ముందు, ఇంట్లో ఒక్కరికైనా చెప్పుకోండి.

కొత్త ఇంట్లోకి వచ్చిన మర్నాడు అత్తయ్యగారు కాకినాడ నుంచి ఫోన్ చేశారు. మా ఆయన అంతకుముందే ఆవిడకి మొత్తం చెప్పారు. కొంచెంసేపు పాప గురించి, ఎండల గురించి మాట్లాడారు. తరవాత గొంతు తగ్గించి అడిగారు.

"అయితే ఇల్లు అమ్ముకున్నారన్నమాట."

నాకు ఆ మాట ఎప్పటికైనా వస్తుందని తెలుసు. ఏడాదికి పైగా దానికోసమే భయపడ్డాను. వచ్చాక చూస్తే అది ఒక మాటంతే ఉంది.

"అమ్మామండీ," అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. ఫ్యాను తిరుగుతున్న శబ్దం వినిపించింది.

"సరేలే అమ్మా. కొత్త ఇంట్లో పాలు పొంగించారా?"

"పొంగించామండీ. నాన్న వచ్చారు. పొయ్యంతా ఒలికింది."

"ఒలకాలి. మంచిది," అన్నారు.

నేను వాడిన "అమ్మాం" ఇక్కడ సరైనదేనా, లేక ఆవిడ అన్నదే సరైనదా, నాకింకా పూర్తిగా తెలియదు. తెలుగు బాగా వచ్చినవాళ్ళు చెప్పండి. తప్పయితే దిద్దుకుంటాను.